మన వాళ్ళకు వెయ్యని పేక

ఎరుకలసాని వీధిలో కేకేస్తే "చెయ్యి ఖాళీ లేదు, పో" అని లోపల్నుంచే పంపేసే ఇంట్లో పుట్టినదాన్ని నేను. చిలక జోస్యం చెప్పేవాడు ఎదురైతే "ముందు ఆ చిలకని ఎప్పుడు వదిలేస్తావో చెప్పు" అని అడిగిన నోరు నాది. అలాంటిదాన్ని, క్రెయిగీబర్న్‌లో మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో, ఆదివారం సంతలో, సాక్సుల దుకాణానికీ పూలకుండీల దుకాణానికీ మధ్య, పేకముక్కలు వేసి జాతకం చెప్పే ముసలావిడ ముందు కూర్చున్నాను. కష్టమొస్తే మనిషి ఎంతకైనా దిగుతుందంటారు. నేను దిగడం కాదు, పరిగెత్తాను.

అప్పటికి మా ఆయనకి కాలేయంలో కాన్సర్ అని తెలిసి మూడు నెలలు. ఇక్కడి డాక్టర్లకి దాపరికం తెలియదు. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, టిష్యూ పెట్టె ముందుకు జరిపి, మందులు ఇంక పనిచెయ్యడం లేదని చెప్పేశారు. ఎన్నాళ్ళు అని అడిగితే మాత్రం, వారాలు కావచ్చు, కొన్ని నెలలు కావచ్చు, ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది అన్నారు. నాకు కావలసింది ఒకటే లెక్క. అయిదు వారాలు. అయిదు వారాలు ఉంటే చాలు, మా అమ్మాయి పరీక్షలు అయిపోతాయి.

ఒక్కతే కూతురు. క్యాన్‌బెర్రాలో లా చదువుతోంది, రెండో ఏడు. నాన్నకి ఏదో ఇన్‌ఫెక్షన్ అని, మందులు వాడుతున్నారని మాత్రమే చెప్పాం. వీడియో కాల్ చేస్తే నెట్ బాగాలేదని కెమెరా ఆపేసేవాళ్ళం. పరీక్షల ముందు పిల్లలకి చెడ్డ కబురు చెప్పకూడదన్నది మా ఇళ్ళలో శాస్త్రం కంటే గట్టిది. నేను ఇంటర్ పరీక్షలు రాస్తుండగా మా అమ్మమ్మ పోయింది. ఆఖరి పేపరు రాసి ఇంటికొచ్చి "అమ్మమ్మేదీ" అని అడిగాక చెప్పారు. వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు నేను. ఆ మంట నాకు బాగా గుర్తుంది. గుర్తుండి కూడా అదే పని చేశాను.

ఆయన మాత్రం రెండు మనసులతో ఉండేవారు. పొద్దున్న కాఫీ వాసన పడక కప్పు పక్కన పెట్టేస్తూ "పిల్లని పిలిచేద్దామంటావా?" అనేవారు. సాయంత్రానికి ఆయనే "ఎందుకులే, సెమిస్టర్ పోతుంది, దాని కష్టమంతా వేస్టు" అనేవారు. నిర్ణయం నేను చెయ్యాలని ఆయన, ఆయనే చెయ్యాలని నేను. ఇద్దరం వేడి గిన్నెని ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి మార్చుకుంటూ గడిపాం.

ఊళ్ళో మా పుట్టింటివాళ్ళ సిద్ధాంతిగారికి వాట్సాప్‌లో జాతకం పంపాను. డెబ్బై ఎనిమిదేళ్ళ ఆయుర్దాయం అన్నాడు. నా గొంతు విని భయపడి చెప్పాడని నాకు తెలిసిపోయింది. నేను ఏడుస్తుంటే మా వీధిలో అందరం ఆంటీ అని పిలిచే ఒక పెద్దావిడ ఆ సంత సంగతి చెప్పింది. "జిప్సీ ఆవిడమ్మా. ముక్క వేసిందంటే జరిగి తీరాల్సిందే. మా కోడలి డెలివరీ డేట్‌తో సహా చెప్పింది" అంది. ఆయనకి చెప్పే వెళ్ళాను. ముప్పై ఏళ్ళుగా జాతకాలని వెక్కిరిస్తూ వచ్చిన ఇంజనీరు. ఈసారి వెక్కిరించలేదు. "జాకెట్ వేసుకో, గాలిగా ఉంది" అన్నారు అంతే.

ఏ గాజుల గలగలలో, రంగుల గుడారమో ఉంటుందనుకున్నాను. ఊలు స్వెట్టరూ, స్పోర్ట్స్ బూట్లూ వేసుకున్న డెబ్బై ఏళ్ళ మనిషి, మడత బల్ల, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ముక్కలు కూడా మన రమ్మీ ముక్కలే, అంచులు మెత్తబడిపోయి ఉన్నాయి. "మీరు జిప్సీలా?" అని అడిగితే, "ఆ మాట మమ్మల్ని తిట్టేవాళ్ళు పెట్టింది. రోమా అను" అంది. 

పేక కలిపి కట్ట నా ముందు పెట్టింది. మూడు కట్టలుగా తియ్యమంది. నేను కుడిచెయ్యి చాపాను. "అది కాదు, ఎడమ చెయ్యి. గుండె ఉన్న వైపు" అంది. నా చెయ్యి ఆగిపోయింది. మొగుడి ఆయుష్షు అడగడానికి వచ్చి ఎడమచెయ్యి పెట్టనా? ఎడమచేత్తో ఎవరికీ మంచినీళ్ళు కూడా ఇచ్చి ఎరగను. "కుడిచేత్తోనే తీస్తాను, మాలో ఎడమచెయ్యి మంచిది కాదు" అన్నాను మొండిగా.

ఆవిడ నన్ను అప్పుడు సరిగ్గా చూసింది. "ఏ దేశం?" అంది. ఇండియా అన్నాను. అంతే, మూడు కట్టలూ తియ్యకముందే కట్ట వెనక్కి లాక్కుని గుడ్డలో చుట్టేసింది.

"నేను చిన్నప్పుడు యూరప్ నుంచి ఓడెక్కి వచ్చాను. కానీ వెయ్యేళ్ళ కిందట మా పెద్దవాళ్ళు మీ దేశం నుంచే బయల్దేరారని మా నానమ్మ చెప్పేది. మేం మా వాళ్ళకి ముక్కలు వెయ్యం. ఇది బయటివాళ్ళ కోసం చేసే పని" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నాది గోదావరి జిల్లా. నువ్వేమో యూరప్ నుంచి చిన్నప్పుడు ఓడెక్కి వచ్చానంటున్నావు. వెయ్యేళ్ళనాటి చుట్టరికం సరిగ్గా ఇవాళే గుర్తొచ్చిందా నీకు?" అని అరిచాను. సాక్సుల దుకాణం అతను తిరిగి చూశాడు. ఆవిడ కోప్పడలేదు. ఏమిటి నీ బాధ అని అడిగింది. అరిచిన నోటితోనే మొత్తం చెప్పేశాను. కాలేయం, అయిదు వారాలు, పిల్ల, పరీక్షలు అన్నీ.

"బయటివాళ్ళు ఇదే అడిగితే ఏం చెప్తావు?" అన్నాను చివరికి.

"లేచేటప్పుడు నడుం నిటారుగా పెట్టుకుని వెళ్ళేలా చెప్తాను."

"నాకూ అదే చెప్పు. బతిమాలుకుంటున్నాను. అబద్ధమైనా సరే."

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "నీ కూతురికి ఫోన్ చెయ్యి. ఇవాళే" అంది. పది నిమిషాలు అక్కడే కూర్చుని ఏడ్చాను. ఫ్లాస్కులో టీ మూతలో పోసి ఇచ్చింది. తాగలేదు. డబ్బు కూడా తీసుకోలేదు.

కారులో ఇంటికి వచ్చేదాకా ఫోన్ చెయ్యాలనే అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. తలుపు తీసేసరికి ఆయన సోఫాలో దుప్పటి కప్పుకుని, టీవీ ఆపేసి, నా కోసమే చూస్తున్నారు. కళ్ళు పచ్చగా ఉన్నాయి. వాటిలో ఆశ కనపడింది నాకు. ముప్పై ఏళ్ళలో ఆ మనిషి ముఖంలో అంత బరితెగించిన ఆశ నేను చూడలేదు.

"ఏం చెప్పిందే?"

"క్రిస్మస్ దాటుతారట" అన్నాను. నా నోట్లోంచి ఎలా వచ్చిందో వచ్చేసింది.

"ఏ ముక్క పడింది?"

నాకు పేకలో ఓనమాలు తెలియవు. శనివారాలు ఆయన స్నేహితులతో ఆడుతుంటే పకోడీలు వేస్తూ విన్న పేర్లే. "ఆటీన్ రాజు" అన్నాను.

"మంచి ముక్కేనే" అని నవ్వారు. ఆ రోజు రెండు ఇడ్లీలు తిన్నారు. సాయంత్రం నేను పప్పు తాలింపు పెడుతుంటే హాల్లో ఫోన్ మాట్లాడుతున్న ఆయన గొంతు వినపడింది. "చదువుకో తల్లీ, ఎగ్జామ్స్ అయ్యాక తీరిగ్గా వద్దువు గాని" అంటున్నారు. ఆ గొంతులో హుషారు చూసి, నేను చేసింది మంచి పనే అనుకున్నాను. ఇంగువ వేసి మూత పెట్టాను.

ఆ తర్వాత మళ్ళీ పిల్లని పిలుద్దామా అని ఆయన అడగలేదు. అడగాల్సిన అవసరం లేకుండా చేశాను కదా. పద్దెనిమిదో రోజు పొద్దున రక్తం కక్కుకున్నారు. అంబులెన్సులో కూర్చునే పిల్లకి ఫోన్ చేశాను. స్విచాఫ్. మొదటి పరీక్ష ఆ రోజే. పదకొండు సార్లు చేశాను. ఆసుపత్రిలో ఆయన స్పృహలో ఉన్నంతసేపూ తలుపు వైపే చూశారు. "వస్తోంది, వస్తోంది" అంటూ నేను రెండో అబద్ధం చెప్తూనే ఉన్నాను. మధ్యాహ్నం ఒంటిగంటకి పోయారు. పిల్ల పరీక్ష హాల్లోంచి బయటికి వచ్చి ఫోన్ ఆన్ చేసింది రెండింటికి. విమానం పట్టుకుని వచ్చేసరికి సాయంత్రం ఆరు. ఆయన చెయ్యి పట్టుకుని "హి ఈజ్ సో కోల్డ్, అమ్మా" అంది. దుప్పటి సరిచేసింది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను.

దహనం అయిన అయిదో రోజున, వంటింట్లో బల్ల దగ్గర, పిల్ల నోరు విప్పింది. నాకు తెలియని సంగతి అప్పుడు చెప్పింది.

"నాకు డౌట్ వచ్చింది, అమ్మా. నాన్న వాయిస్ సన్నగా అయిపోయింది. ఆ సండే ఐ హాడ్ ఎ టికెట్. బుక్ చేసేశాను. నాన్నకి ఫోన్ చేసి వస్తున్నానని చెప్పాను. వద్దన్నారు. మీ అమ్మ కార్డ్స్ చూపించుకొచ్చింది, క్రిస్మస్ దాకా నాకేం కాదు అన్నారు. హి వాజ్ సో హ్యాపీ. సో ఐ క్యాన్సిల్డ్ ఇట్."

నేను బల్ల అంచు పట్టుకున్నాను.

"ఎక్కడ కూర్చుంటుంది ఆవిడ? నన్ను తీసుకెళ్ళు. ఆమె ముఖం మీదే అడుగుతాను. దే ఆర్ ఆల్ లయర్స్, దోజ్ పీపుల్."

చెప్పడానికి అదే సమయం. ఆవిడ ఒక్క ముక్క కూడా వెయ్యలేదని, నీకు ఫోన్ చెయ్యమని నాకు చెప్పింది లోకంలో ఆవిడ ఒక్కతేనని, రెండు వాక్యాలు చాలు. నోటిదాకా వచ్చాయి. పిల్ల ముఖం చూశాను. నాకింక మిగిలింది ఆ ముఖం ఒక్కటే.

"పోనీలే అమ్మా. అలాంటివాళ్ళని నమ్మడం నాదే బుద్ధి తక్కువ" అన్నాను.

పిల్ల లేచి వచ్చి నా మెడ చుట్టూ చేతులు వేసింది. "ఇట్స్ నాట్ యువర్ ఫాల్ట్, అమ్మా" అంటూ నా తల నిమిరింది. నేను నిమిరించుకున్నాను.

రెండేళ్ళయింది. ఆ సంత వైపు మళ్ళీ వెళ్ళలేదు. పిల్ల ఇప్పటికీ ఎవరి దగ్గరైనా ఆ మాట వస్తే ఆవిణ్ణి తిడుతుంది, నేను పక్కనే కూర్చుని వింటాను. దానికి తెలుగు అర్థమవుతుంది గానీ చదవడం రాదు. అందుకే ఇది తెలుగులో రాస్తున్నాను.