చిన్న ట్రాక్టరుకు చెవి పెట్టిన రోజు

మా జామతోటలోకి పెద్ద ట్రాక్టర్ వచ్చిన ప్రతిసారీ నేను తిట్లు లంకించుకుంటాను. సాళ్ల మధ్య అది పట్టదు. కొమ్మలు విరుచుకుంటూ పోతుంది. పైగా ఆ డ్రైవరు నన్నే అంటాడు, "చెట్లు దగ్గర దగ్గర పెట్టినవ్ అక్కా" అని. బిందెలతో నీళ్లు మోసి బతికించింది వాడా, నేనా? కలుపు తీయడానికి కూలీలు దొరకరు, నా మోకాళ్లు వంగవు. కౌలుకు అడిగినాయన జామ కొట్టేసి పత్తి పెడతానన్నాడు. బొగ్గు బావిలో పనిచేసి రిటైరైన మా ఆయన కూడా, "ఈ వానాకాలం దున్నకపోతే ఇచ్చేద్దాం, నీ పానం ముఖ్యం" అన్నాడు. ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

అందుకే కాసిపేట దిక్కు ఒక రిటైర్డు సారు దగ్గర పాత జపాన్ ట్రాక్టర్, చిన్నది, అమ్మకానికి ఉందని తెలియగానే మా ఆయన చేతిలో ఫోను పెట్టాను.

"మేం వచ్చేదాంక స్టార్ట్ చెయ్యకుండ్రి సారూ. ఇంజన్ చల్లగున్నప్పుడే దాని గుణం బయటపడుతది" అని చెప్పాడాయన. ఆ మాట మాత్రం తెలివైన మాటే.

ఎండాకాలం వచ్చినా సారు రేకుల షెడ్డులో క్రిస్మస్ నక్షత్రం ఇంకా వేలాడుతూనే ఉంది. దాని కింద ట్రాక్టర్. నా భుజం ఎత్తు కూడా లేదు. మీటరు ఎప్పుడో ఆగిపోయింది. దాని మీది జపాన్ రాతలు ఆ చుట్టుపక్కల ఎవరికీ రావు. చూడగానే నాకు మనసైపోయింది. ముఖం మాత్రం ముడుచుకునే నిలబడ్డాను, మనం మురిసిపోతే బేరం చెడుతుంది కదా.

మా ఆయన రేడియేటర్ మూత తీసి చూశాడు. ఆయిల్ వేళ్ల మధ్య రుద్ది చూశాడు. కిందికి దూరి పడుకుని, అక్కడి నుంచే ప్రశ్నలు వేశాడు.

"ఇన్నేండ్లు బడిల పిల్లల్ని నేను ప్రశ్నలడిగిన. ఇయ్యాల నా వంతొచ్చింది" అని సారు నవ్వాడు. "ఒకటి ముందే చెప్తున్న అక్కా. దీని పార్టులు దొరకవు."

"ఖని పట్నంల లేతు మిషిన్లున్నంత కాలం పార్టులు చేపిచ్చుకుంటం, ఏం ఫికర్ లేదు" అని కింది నుంచే జవాబు.

స్టార్ట్ చేస్తే కాసేపు తెల్లపొగ వచ్చి తేరుకుంది. వెనకాల మట్టి దున్నే రోటవేటర్ పైకెత్తి ఇంజన్ ఆపారు. దాన్ని ఎత్తే లిఫ్టు బలహీనంగా ఉంటే మేం చాయ్ తాగి వచ్చేలోపు ఆ బరువు కిందికి దిగిపోతుందట. తిరిగి వచ్చాం. అంగుళం కూడా దిగలేదు.

"చూసినవా, ఉక్కు!" అన్నాడు మా ఆయన.

నేను వంగి చూశాను. దాని కింద కర్రమొద్దు నిలబెట్టి ఉంది! బావిలో ఇన్నేళ్లు పనిచేసిన చేయి, వేలాడే బరువు కింద ఆసరా పెట్టకుండా ఊరుకోలేదు. పెట్టినట్టు ఆయనకే గుర్తు లేదు.

"మొద్దు పెట్టినంక అదెట్ల దిగుతదయ్యా!" అన్నాను. సారు పొట్ట పట్టుకుని నవ్వాడు. మొద్దు తీసి మళ్లీ చూశాం. నిజంగానే దిగలేదు.

మళ్లీ ఇంజన్ వేశారు. మా ఆయన బానెట్ దగ్గర తల వంచి, "సాఫుగున్నది" అన్నాడు. నాకు మాత్రం టక్ టక్‌మని వినిపిస్తోంది. వేలు చూపించి చెప్పినా ఆయనది మళ్లీ అదే మాట.

"చెవుల్ల సీసం పోసుకున్నవా?" అని కసిరాను.

ఆయన ఇంజన్ ఆపేశాడు. సారు ఎదుటే, తల దించుకుని చెప్పాడు.

"నాకు వినిపిస్తలేదే. డ్రిల్లు మిషిన్ల కాడనే చెవులు పోయినయ్, మాటలు తెలుస్తయ్ గని ఇసొంటి సన్న చప్పుళ్లు తెల్వవు. అందుకే పైకి బదిలీ పెట్టుకున్న."

బావిలోకి గుంపు అడుగు పెట్టే ముందు ఈయనే పైకప్పును కర్రతో కొట్టి, చప్పుడు విని, గట్టిగా ఉందో బోలుగా ఉందో చెప్పేవాడు. ఆఖరి ఏళ్లలో బావి బయట పైపని అడిగి తెచ్చుకుంటే, ఒళ్లు వంగక అడిగాడని వాడకట్టంతా చెప్పి నవ్వింది నేనే.

"చప్పుడు వినరానోడు పది మందిని ఎట్ల తీస్కపోవాలె?" అన్నాడు.

సిగ్గేసింది. సారు ఉన్నాడని కూడా చూడకుండా ఏడ్చాను. ఆయనే నా వీపు తట్టాడు. "ఏడుపెందుకే. నువ్వు విను, నేను చూస్త."

అట్లాగే చేశాం. "ఎడమ దిక్కు... ఇంకా కిందికి... ఆఁ, గాడనే!" అని నేను సైగ చేస్తుంటే, ఆయన కర్రతో ఒక్కో భాగాన్నే నొక్కుతూ పోయాడు. డైనమో దగ్గర నొక్కగానే టక్ టక్ ఆగింది. బోల్టు వదులైంది, అంతే! ఇంజన్ ఆపి పానా తిప్పాడు. మళ్లీ స్టార్ట్ చేస్తే ఆ టక్ టక్ లేదు. ఇద్దరం చిన్నపిల్లల్లా కేకలు వేశాం. ఇక బేరంలో ముఖం ముడుచుకోవడం నా వల్ల కాలేదు.

తొలకరికి, ఆయన దగ్గరే నేర్చుకుని, నేనే తోలాను. పద్దెనిమిది సాళ్లు దున్నితే ఒక్క కొమ్మ విరగలేదు. ఆయన గట్టు మీద నిలబడి చేత్తో ఎట్లుందని అడిగాడు. ఇదివరకైతే అక్కడి నుంచే అరిచేదాన్ని, వినకపోతే తిట్టేదాన్ని. ట్రాక్టర్ ఆపి, దిగి, బురదలో నడుచుకుంటూ ఆయన దగ్గరికి పోయాను. చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను.

"మంచిగున్నదయ్యా. తోట కౌలుకియ్యం."