చీము పట్టని గాయం

పదో తరగతిలో మాకు జీవశాస్త్రం చెప్పిన మాస్టారు మొన్న ఉదయం విశాఖపట్నం ఆసుపత్రిలో చనిపోయారు. అంతా పాదంలో దిగిన చేప ముల్లుతో మొదలైంది.

టెక్కలి బడిలో ఒకరోజు ఆయన ఎండుచేపల పొట్లం ఒకటి గదిలో దాచి, కళ్లు మూసుకుని వెతకమని నన్ను నిలబెట్టారు. వాసన చిక్కబడే వైపు నడుస్తూ బీరువా దాకా వెళ్లాను.

"రక్తంలో తెల్లకణమూ ఇంతేరా. దెబ్బ తగిలిన చోట రసాయనాలు ఊరతాయి. అవి ఎటు చిక్కగా ఉంటే అటు పాకుతాది."

సముద్రపొడ్డున భావనపాడు నుంచి వచ్చే జాలరుల అమ్మాయి లేచింది. "మా ఇంట్లో అయితే ఎటెల్తాదండి మాస్టారూ? అన్ని పక్కలా అదే వాసన కదేటి!"

క్లాసంతా నవ్వింది. ఆయన మాత్రం, "దీనికి నూటికి నూరు. అన్ని పక్కలా ఒకటే అయితే కణానికీ దారి తెల్దు" అన్నారు.

నేను విలేకరినయ్యాక నా వార్తలు చదివి ఫోన్ చేసేవారు. "ఆసుపత్రిలో డాక్టరు నేదని రాసీసేవు. ఎందుకు నేదో అడిగేవేటి?"

మా ఉద్దానం ప్రాంతంలో చాలామందికి లాగే ఆయనకూ కిడ్నీలు పోయాయి. చెల్లెలు ఒకటి ఇచ్చింది. తెల్లకణాలు దాన్ని పరాయిదనుకుని మీద పడకుండా రోజూ మాత్రలు వేసుకునేవారు. "కుక్కల్ని కట్టీసుకున్నానురా. దొంగొచ్చినా లెగవు" అనేవారు. ఆ మాట నవ్వుతూ అనేవారు కాదు.

కిందటి నెల భావనపాడులో చేపలు కొంటుంటే జెల్ల చేప ముల్లు చెప్పులోంచి పాదంలో దిగింది. మూడో రోజు చూడబోయాను. పాదం శుభ్రంగా ఉంది. ఎరుపు లేదు, వాపు లేదు.

"సీము కూడా నేదు బాబూ. ఈయనే ఊరికే బెదిరిపోతన్నారు" అన్నారు ఆయన భార్య.

"మానిపోతోంది మాస్టారూ" అన్నాను నేనూ.

ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. అరచెయ్యి చల్లగా, తడిగా ఉంది. "పాఠం మర్సిపోనావేట్రా? సీమంటే అక్కడికొచ్చి సచ్చిన కణాలే. సీము నేదంటే ఎవులూ రానేదు. నాకు బయంగుందిరా."

మొదటి రోజే ఆసుపత్రికి పోదామన్నారట. చీము లేదని ఇంట్లో ఎవరూ కదల్లేదు. ఆ మధ్యాహ్నమే కారులో విశాఖ తీసుకెళ్లాం. ముల్లు కొస లోపలే ఉందని, ఇన్ఫెక్షన్ రక్తంలోకి చేరిందని డాక్టర్లు చెప్పారు.

నిన్న పాడె మోస్తుంటే వెదురు పేడు నా బొటనవేలిలో గుచ్చుకుంది. సాయంత్రానికి చుట్టూ ఎర్రబడి, ఉబ్బి, సలపడం మొదలుపెట్టింది. మందు రాయబోయిన నా భార్యను కాస్త ఆగమన్నాను. వేలిని వెలుతురులో పెట్టుకుని, ఆ ఎరుపునే చూస్తూ కూర్చున్నాను.