ఎనిమిది పొరల కింద పగడం

ఆ పగడాన్ని చంపబోయింది నేనే. ముందే ఒప్పేసుకుంటున్నాను. మా ఫ్లాట్లలో ఈ సంగతిని తలా ఒక రకంగా చెప్పుకుంటున్నారు, ఒక్కరూ సరిగ్గా చెప్పడం లేదు. కొత్త లైట్లు నాసిరకమని కొందరు, నీళ్ళు చెడిపోయాయని కొందరు. లైట్లకేం, బంగారంలా ఉన్నాయి. నీళ్ళకేం, అద్దంలా ఉన్నాయి. చెడ్డదల్లా పినాంగ్ దీవి ఫెర్రీ పడవ ఇంజను గదిలో ముప్పై ఏళ్ళు పనిచేశానన్న నా పొగరు.

రైఫిల్ రేంజ్ ఫ్లాట్లలో పదకొండో అంతస్తు మాది. నా గుమ్మానికి ఎదురు గుమ్మం ఖో గియోక్ లాన్‌ది. ఆమె పెళ్ళికూతుళ్ళ గౌన్లు కుడుతుంది. వయసు యాభై తొమ్మిది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళ కొలతలు తీసుకోదు. ఉన్న ఒక్క గదిలో ఒక గోడకు మంచం, ఒక గోడకు కుట్టుమిషను, మూడో గోడకు నాలుగడుగుల గాజుతొట్టి. అందులో ఉప్పునీళ్ళు, పగడాలు, వాటి చుట్టూ తిరిగే రెండు చారల చేపలు.

వాళ్ళ నాన్న జెట్టీల దగ్గర చేపలు పట్టేవాడు. వలలో పడ్డ పగడపు ముక్కలు ఎండి తెల్లబడ్డాక కూతురికి ఆడుకోవడానికి ఇచ్చేవాడు. పగడమంటే తెల్లరాయని ఆమె నలభై ఏళ్ళ దాకా నమ్మింది. ఒకసారి పులావ్ పాయార్ దీవికి వెళ్ళి, పడవ అడుగున బిగించిన గాజులోంచి కిందికి చూస్తే అవి పచ్చగా, ఊదాగా, ప్రాణంతో ఊగుతున్నాయట. "మా నాన్న నాకు శవాలిచ్చి ఆడుకోమన్నాడన్నా" అని నాతో చెప్పి పడీపడీ నవ్వింది. ఆ నెలలోనే తొట్టి కొంది.

తొట్టి నడిమధ్యలో ఉన్న పగడం మాత్రం కొన్నది కాదు. పదకొండేళ్ళ కిందట చేపల కొట్టువాడు చెత్తబుట్టలో వేయబోయిన గోరంత విరుగుముక్క అది. "ఇది బతకదు ఆంటీ" అని వాడన్నాడు. బతకదని వాడన్నందుకే తెచ్చుకుంది. ఇలాంటి ముక్కల్ని నిలబెట్టడానికి అందరూ చిన్న సిమెంటు బిళ్ళలు కొంటారు. ఆ రోజు ఆమె దగ్గర బిళ్ళ లేదు. కుట్టుపెట్టెలోంచి నాలుగు చిల్లుల ఎర్ర కోటు గుండీ ఒకటి తీసి, దాని మీద జిగురుతో అంటించింది. ముక్క నిలబడింది, గుండీ మీదుగా పాకింది, కొమ్మలేసింది, అన్నం పళ్ళెమంత అయింది. ఒళ్ళంతా ఆకుపచ్చ, కొనలు వంకాయ రంగు. వంగి చూస్తే కింద ఓ పక్కన గుండీ అంచు ఇప్పటికీ ఎర్రగా కనిపిస్తుంది.

అడిగినవాళ్ళకల్లా ఒక కొమ్మ తుంచి, ఎర్రగుండీ మీద అంటించి ఇచ్చేది. పగడాలు పెంచేవాళ్ళకు ఇదొక ఆచారం. మనది పోయినా మనమిచ్చింది ఎవరింట్లోనో బతికి ఉంటుంది, వెళ్ళి ఒక ముక్క తెచ్చుకోవచ్చు. అలా తీసుకున్నవాళ్ళలో టియో బున్ కెంగ్ ఒకడు. పగడాలు పెంచేవాళ్ళ సంఘానికి ఇతను అధ్యక్షుడు. అతని తొట్టి ముందు మా వంటిల్లు చిన్నబోతుంది. గియోక్ లాన్ ఇచ్చిన కొమ్మ పెరిగాక దానికి "టియో మరకతం" అని పేరు పెట్టుకుని సంఘం క్యాలెండరు మీద వేయించుకున్నాడు. ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్క ముక్క రాయలేదు. నాకు ఒళ్ళు మండిపోయి కాఫీ దుకాణంలో నలుగురిముందూ తిట్టాను.

"ఊరుకో అన్నా, పేరు పెడితే పెట్టుకోనీ. అసలుది నా దగ్గరుందిగా" అంది ఆమె.

అసలుది ఆమె దగ్గరుండటమే ఆమెకున్న బలం. అది గుర్తుపెట్టుకోండి.

పోయిన ఏడాది ఆమె తొట్టి మీది పాత ట్యూబులైట్లకు కాలం చెల్లింది. ఆ పొడవువి ఇక రావని కొట్టువాడు చేతులెత్తేశాడు. ట్యూబులు మసకబారిపోయి పగడాలు రంగు తగ్గుతున్నాయి. "ఎల్‌ఈడీ పెట్టేద్దాం, నేను బిగిస్తాను. ఇంజను గదికి దీపాలు పెట్టినవాణ్ణి, చేపల తొట్టికి పెట్టలేనా?" అన్నాను. ఎవరో అమ్మేస్తుంటే రెండు తెచ్చాం. పెంచడానికీ తగ్గించడానికీ మీట లేదు వాటికి. వేస్తే పూర్తిగా వెలుగుతాయి, లేదంటే లేదు. గొలుసులతో వేలాడదీసి మీట నొక్కాను. గదంతా నీలిరంగు కమ్మేసింది. పగడాలు నియాన్ బోర్డుల్లా వెలిగిపోయాయి. నేను చేతులు దులుపుకుని, చూశావా అన్నట్టు నిలబడ్డాను.

తొలి దెబ్బ గౌనుకు తగిలింది. ఆమె తొట్టి పక్కనే కూర్చుని ఆ వెలుతురులోనే కుట్టేది. నీలి వెలుతురులో ఎరుపు నల్లగా కనిపిస్తుందని మాకేం తెలుసు? ఒక పెళ్ళికూతురి ఎర్రగౌను అంచంతా నల్లదారంతో కుట్టేసింది. మధ్యాహ్నం వరండాలోకి తెచ్చి చూసుకుని నెత్తి కొట్టుకుంది. "అన్నా, నీ దీపాల పుణ్యమా అని పెళ్ళిగౌనును శవయాత్రకు తయారుచేశాను" అంది. ఇద్దరం కూర్చుని కుట్లు విప్పాం. అప్పటికింకా నవ్వుతూనే ఉన్నాం.

నాలుగోరోజు పొద్దున నా తలుపు కొట్టింది. ఆమె ముఖంలో నవ్వు లేదు. వెళ్ళి చూస్తే పెద్ద పగడం పైకొమ్మలన్నీ తెల్లగా పాలిపోయాయి. కింద నీడపడ్డ వైపు మాత్రం కాస్త పచ్చదనం మిగిలింది. ఏడాదిగా మసకదీపాలకు అలవాటుపడ్డ జీవం మీద ఒక్కరోజులో ఎర్రటెండ గుమ్మరించాను. కాస్త కాస్తగా అలవాటు చేయాలని కొట్టువాడు చెప్పబోయాడు కూడా. నేనే వాడి మాట మధ్యలో ఆపి, మాకు తెలుసులే అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"తిట్టు లాన్" అన్నాను.

"తిడితే రంగొస్తుందా? వస్తుందంటే చెప్పు, సాయంత్రం దాకా తిడతాను."

కొట్టువాడి ద్వారా సంగతి పాకింది. ఆ ఆదివారమే బున్ కెంగ్ వచ్చాడు. అన్నేళ్ళలో ఆ గది గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. సంఘంవాళ్ళు నెలకొక ఇంటికి తొట్టి చూడటానికి వెళ్తారు కానీ ఈమె ఇంటికి రారు. చోటు చాలదట. అతను తొట్టిముందు నిలబడి, డాక్టరులా నాలుక చప్పరించాడు.

"అయ్యో ఆంటీ, పోయింది. ఇవాళే తీసి పారేయండి. కుళ్ళితే మిగతావాటినీ చంపుతుంది. బాధపడకండి, మా మరకతంలోంచి ఒక ముక్క నేనే ఇస్తాను. ఊరికే ఇస్తాను."

ఊరికే ఇస్తాడట! నేను లేవబోతే ఆమె చేత్తో ఆపింది. సూదిలో దారం ఎక్కించడానికి వాడే భూతద్దం తీసి అతని చేతిలో పెట్టింది.

"చూడు."

"ఏం చూడమంటారు ఆంటీ, తెల్లగా ఉంది."

"చచ్చిన పగడం తెలుపు నేను చిన్నప్పటినుంచీ చూశాను. దానితో గచ్చకాయలాడాను. ఇది ఆ తెలుపు కాదు. కొమ్మల నిండా నోళ్ళు తెరిచి ఉన్నాయి చూడు, సూదిమొనంత. ఆకలేసినవాళ్ళు నోరు తెరుస్తారు, చచ్చినవాళ్ళు తెరవరు."

"మీ ఇష్టం. తర్వాత నన్ననొద్దు. అయినా ఆంటీ, ఈ వయసులో, ఈ గదిలో, ఇంత కష్టమైన పగడం ఎందుకు మీకు? మెత్తటివి పెంచుకోండి. వాటికి ఏ దీపమైనా సరిపోతుంది."

గియోక్ లాన్ లేచి నిలబడింది. అతని భుజం దాకా కూడా రాదు.

"మూడు నెలల తర్వాత ఆదివారం మీ సంఘాన్ని మొత్తం ఇక్కడికి తీసుకురా. చోటు చాలకపోతే వరండాలో నిలబడండి. ఇది బతకకపోతే నీ చేతి ముక్క అందరి ముందూ రెండు చేతులతో తీసుకుంటాను. నీ పేరుతోనే పిలుస్తాను."

అతను వెళ్ళగానే నేను ఆమెవైపు తిరిగాను. "ఎంత మాటన్నావే! పోతే?"

"పోతే పోతుంది. వాడు చెప్పాడని మాత్రం పారేయను."

ఆ రోజే పెళ్ళికూతుళ్ళ ముసుగుకు వాడే తెల్లటి నెట్టు గుడ్డ తీసింది. తొట్టి కొలతకు ఎనిమిది ముక్కలు కత్తిరించి, అంచులు మడిచి కుట్టి మరీ, దీపాలకూ నీళ్ళకూ మధ్య ఒకదానిమీదొకటి పరిచింది. నేను గొలుసులు అందినంత పైకి లాగి కట్టాను. గదిలో నీలం మసకబారింది. రోజుకు నాలుగు గంటలే దీపం. పది రోజులకొక పొర తీస్తుంది, దీపం ఇంకాస్త సేపు ఉంచుతుంది. నేను మీట మీద చెయ్యి వేయకూడదు. అది నాకు శిక్ష కాదంది కానీ శిక్షే.

మొదటి పొర తీసిన రోజు ఏమీ మారలేదు. రెండోది తీశాక పైన రెండు కొమ్మల మీద పాచి పట్టింది. ఆ కొమ్మలు నిజంగానే చచ్చాయి. ఆమె పటకారుతో వాటిని విరిచి, పళ్ళెంలో పెట్టింది. మిగతావి తెల్లగానే ఉన్నాయి. నేను మెట్లమీదకెళ్ళి ఏడ్చాను. ఫెర్రీలో వేలు తెగినప్పుడు కూడా ఏడవలేదు. తిరిగొచ్చేసరికి ఆమె భూతద్దం పెట్టుకుని మిగిలిన కొమ్మల నోళ్ళకు సిరంజితో మేత చల్లుతోంది.

"ఏడిచావా?"

"లేదు."

"అబద్ధం చెప్పేవాడివి ముఖం కడుక్కుని రావాలి అన్నా."

నాలుగో పొర తీశాక పగడం బురదరంగుకు తిరిగింది. తెల్లగా ఉన్నప్పుడే దీనికన్నా బాగుంది కదా అని నేను నీరసపడితే, ఆమె అంగట్లోంచి వేడి వేడి అపోం అట్టు తెచ్చి నా నోట్లో కుక్కింది. "రంగు లోపలినుంచి వస్తోంది. ముందు గోధుమరంగు, తర్వాతే పచ్చ" అంది. ఆరో పొరకు నీడవైపు పచ్చదనం పైకి ఎగబాకింది. ఎనిమిదోది తీసి, ఉతికి, మడిచి పెట్టెలో పెట్టింది. ఆ సాయంత్రం పూర్తి దీపం కింద, కొమ్మల కొనల్లో వంకాయ రంగు కనిపించింది. ఇద్దరం తొట్టిముందే కూర్చుండిపోయాం. కాఫీ చల్లారిపోయింది.

చెప్పిన ఆదివారం పన్నెండుమంది వచ్చారు. నిజంగానే సగంమంది వరండాలో నిలబడ్డారు. బున్ కెంగ్ ఒక ప్లాస్టిక్ డబ్బాలో తన మరకతం ముక్క తెచ్చుకున్నాడు, అంత నమ్మకం. తొట్టి చూశాడు. మూడుసార్లు చూశాడు. విరిగిన రెండు కొమ్మల చోటు బోసిగా ఉంది, మిగతాదంతా పచ్చగా నిండి ఉంది. పక్కనున్నవాళ్ళు ఫోన్లు తీస్తుంటే అతను గొంతు సవరించుకున్నాడు.

"బాగుంది ఆంటీ, చాలా బాగుంది. ఎవరిచ్చారు? మా మరకతమే కదూ ఇది? పాతది పోతే ఎవరో మా ముక్క తెచ్చి ఇచ్చుంటారు. చెప్పండి, తప్పేముంది?"

నాకు చెయ్యి దురద పెట్టింది. గియోక్ లాన్ టార్చిలైటు తీసి అతనికి ఇచ్చింది.

"వంగి కింద చూడు."

వంగాడు.

"అలా కాదు. ఇంకా కిందికి."

గది ఇరుకు, తొట్టి బల్ల పొట్టి. ఒక చెయ్యి నేలకానించి మోకాళ్ళమీద కూర్చుంటే తప్ప కనిపించదు. కూర్చున్నాడు. పగడం అడుగున టార్చి వెలుతురు పడింది.

"ఏముంది?"

"...గుండీ."

"గట్టిగా చెప్పు, వరండాలో వాళ్ళకు వినబడాలి. ఏ రంగు?"

"ఎరుపు."

వెనకనుంచి ఒక ముసలాయన, "మా ఇంట్లో ఈమె ఇచ్చినదాని కిందా ఎర్రగుండీయే" అన్నాడు. "మాదానికీ" అంది గుమ్మం దగ్గరున్నావిడ. బున్ కెంగ్ తను తెచ్చిన డబ్బా కేసి చూశాడు. పైకి లేవడానికి బల్ల పట్టుకోబోయాడు.

"ఆగు, పని అవలేదు" అంది గియోక్ లాన్. "ఇప్పుడు ఇంటికెళ్ళి నీ మరకతం కింద కూడా ఇలాగే మోకాళ్ళమీద కూర్చుని చూడు."