మరక అని రాసిన చోట

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ఇది చదువుతూ మీరూ లేచిపోతే తప్పుపట్టను. నా దగ్గర ఉన్నవి ఒక కాగితం, ముగ్గురు మనుషుల మాటలు. అవే రాస్తున్నాను.

తొంభైల మొదట్లో నేను సూర్యాపేటలో ఒక డిగ్రీ కాలేజీకి లైబ్రేరియన్‌ను. మా చెల్లెలు సరళ మిర్యాలగూడలో ఆడపిల్లల బడిలో డ్రాయింగ్ టీచరు. ఆ ఏడు వానాకాలంలో కామెర్లు వచ్చి చనిపోయింది. పెళ్లి చేసుకోలేదు. ఫోటోలంటే ఇష్టపడేది కాదు.

సరళ నగరంలో విశ్వవిద్యాలయంలో బొమ్మల చదువు చదివింది. ఒక ఎండాకాలం సెలవుల్లో చివ్వెంల దగ్గర మా ఊరికి వచ్చి నూనెరంగులతో ఒక బొమ్మ వేసింది. కల్లంలో అమ్మ చేటతో వడ్లు తూర్పారబడుతుంటుంది. వెనక నుంచి చూసినట్టు ఉంటుంది, ముఖం కనబడదు. రంగు ఆరకముందే దాన్ని జరపబోయి కింద కుడి మూల నా బొటనవేలు పెట్టేశాను. సరళ బాగా తిట్టింది. కుంచె తీసి సరిచేయబోయి ఆగింది.

"ఉండనియ్ తియ్. నేను సంతకం పెట్టనే పెట్టను, నీదన్న ఉంటది" అంది.

ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు. అమ్మకు కూడా చెప్పలేదు.

చదువు అయ్యాక ఆ బొమ్మను విశ్వవిద్యాలయం తన సేకరణలో పెట్టుకుంది. ఆ సేకరణలోని బొమ్మలను తన కింద ఉన్న కాలేజీలకు రెండేళ్ల చొప్పున అరువిచ్చేవారు, చదువుకునే గదుల్లో, వరండాల్లో పెట్టుకోవడానికి. ప్రతి బొమ్మ వెంట స్థితి పత్రం అని ఒక కాగితం తిరిగేది. ఎక్కడ గీత పడింది, ఎక్కడ పెచ్చు ఊడింది అన్నది చేతులు మారినప్పుడల్లా అందులో రాయాలి.

సరళ పోయాక ఆ బొమ్మను మా రీడింగ్ రూములో, నా కుర్చీకి ఎదురుగా పెట్టుకోవాలనుకున్నాను. నేను కోరింది అంతే.

మొదటి ఉత్తరానికి జవాబు రాలేదు. రెండో ఉత్తరానికి ప్రిన్సిపాల్ సంతకం లేదన్నారు. సంతకంతో పంపితే, బొమ్మ కోదాడలో ఒక కాలేజీ దగ్గర ఉందని, గడువు దాటినా తిరిగి రాలేదని రాశారు. కోదాడ వెళ్లాను. బొమ్మ ప్రిన్సిపాల్ గదిలో ఉంది, ఆయన సెలవులో ఉన్నాడు, గదికి తాళం ఉంది. రెండోసారి వెళితే ఆయన ఉన్నాడు కానీ, "తీసేస్తే గోడ బోసిపోతుంది కదండీ" అన్నాడు. విశ్వవిద్యాలయం నుంచి మాట వస్తే చూద్దామన్నాడు. తలుపు సందులోంచి చేట అంచు ఒక్కటే కనబడింది నాకు.

విశ్వవిద్యాలయానికి వెళ్లాను. బొమ్మల దస్త్రం చూసే గుమాస్తా, "కోదాడకు మీ మనిషిని ఎవరినన్న పంపుండ్రి సార్, అప్పుడు ఫోన్ జేస్త" అన్నాడు. పంపడానికి నాకు మనుషులు ఎవరున్నారు? అప్పటిదాకా చావును సిఫారసుగా వాడుకోవడం ఇష్టంలేక చెప్పని మాట ఆ రోజు చెప్పాను.

"మా చెల్లె పోయింది సార్. ఆ బొమ్మ కోసమే."

ఆయన దస్త్రంలోంచి తల ఎత్తలేదు. "పోయిందా? మంచిదాయె. ఇగ మీకు పరేషాన్ లేదు, పొండ్రి" అన్నాడు.

అంత కఠినంగా ఎవరైనా మాట్లాడగా నేను వినలేదు. లేచి వచ్చేశాను. సూర్యాపేట దాకా బస్సులో అదే మాట చెవిలో ఉంది. ఇక బొమ్మ వద్దనుకున్నాను.

మూడో రోజు మిర్యాలగూడ బడి నుంచి కబురు వచ్చింది, సరళ బీరువా ఖాళీ చేయమని. పొద్దున బస్సుకు వెళ్లి, ఎండిపోయిన కుంచెలు, చార్టులు ఒక అట్టపెట్టెలో సర్దుకుని సాయంత్రం నాలుగింటికి లైబ్రరీకి వచ్చాను. నా కుర్చీకి ఎదురుగా గోడకు ఆనించి ఆ బొమ్మ ఉంది. పక్కన పురికొస, విప్పిన పాత పేపర్లు.

అటెండర్ యాదగిరి బదిలీ మీద వచ్చి వారమే అయింది. మా ఇంటి సంగతులేవీ ఆయనకు తెలియవు.

"మీ చెల్లె తెచ్చింది సార్. పగటీలి పన్నెండు గంటల కోదాడ బస్సుల దిగిందట. మా అన్న ఏడి అన్నది. మిర్యాలగూడకు పోయిండమ్మా అంటే నవ్వింది. 'నేను గీడ ఉంటె గాడికెందుకు పోయిండు?' అన్నది. జర సేపు మీ కుర్సీల కూసున్నది. ఎండ తగిలే గోడకు పెట్టొద్దన్నది."

ఎట్లా ఉంది మనిషి అని అడిగాను.

"నేను సక్కగ సూడలే సార్. ఆడమనిషి మొకం కెల్లి ఎట్ల సూస్త?"

ఆ మంచితనానికి అంత కోపం వస్తుందని నాకు తెలియదు.

మర్నాడు కోదాడ వెళ్లాను. ఆఫీసు సూపరింటెండెంటు విసుక్కున్నాడు. "విశ్వవిద్యాలయం వాళ్లే ఫోన్ చేశారు కదండీ, మీ చెల్లెలు బయల్దేరింది, ఇచ్చేయండని. ఆవిడ వచ్చింది, ఇచ్చేశాం. పట్టుకుపోయాక మళ్లీ ఈ ఆరాలేంటి?" ఆవిడ ఎట్లా ఉందంటే, "నేను కాగితం చూసుకోవాలా, మనిషిని చూసుకోవాలా?" అన్నాడు.

అప్పుడు అర్థమైంది. పోయింది అని నేనన్నది చనిపోయిందని. గుమాస్తాకు వినబడింది కోదాడకు పోయిందని. అందుకే మంచిదన్నాడు. పాపం, ఆయన్ని మూడు రోజులు మనసులో తిట్టుకున్నాను.

అంటే ఫోన్ ఎందుకు వచ్చిందో తెలిసింది. ఎవరు వచ్చారో తెలియలేదు. సరళ తోటి టీచర్లెవరైనా అయి ఉంటారని మిర్యాలగూడలో అడిగాను. ఆ రోజు ఎవరూ సెలవు పెట్టలేదు. ఫోన్ సంగతి అక్కడెవరికీ తెలియదు కూడా.

స్థితి పత్రం బొమ్మ చట్రం వెనక మడిచి ఉంది. అరువిచ్చిన ప్రతిసారీ ఒక్కో చేతివ్రాతలో అదే మాట: కింద కుడి మూల మరక. కోదాడ నుంచి తీసుకున్న వరుసలో మాత్రం మరక అన్న మాట కొట్టేసి ఉంది. పక్కన పెన్సిలుతో "మరక కాదు, అన్న వేలు" అని ఉంది. సంతకం చోట ఏమీ లేదు.

సరళ ఉత్తరాలు పక్కన పెట్టి చూశాను. ఒకే చేతివ్రాత అని ప్రమాణం చేయలేను. డ్రాయింగ్ టీచర్ల అక్షరాలు అచ్చు గుద్దినట్టు ఉంటాయి, ఎవరివైనా కావచ్చు. ఆ మాట మాత్రం ఎవరిదైనా కావడానికి లేదు.

నన్ను తినేది ఇదొక్కటే కాదు. ఆ బొమ్మ వెంట నాలుగు నెలలు తిరిగాను. అది వచ్చిన ఒక్క రోజు నా కుర్చీలో నేను లేను. ఆమె బీరువా ముందు కూర్చుని ఎండిన కుంచెలు లెక్కపెడుతున్నాను.

అప్పటి నుంచి ఎవరైనా చనిపోతే చనిపోయారనే అంటాను, పోయారనను. పైన ఒకచోట అలవాటుగా సరళ పోయాక అని రాశాను. కొట్టేసి చనిపోయాక అని రాయబోయాను. చెయ్యి ఆడలేదు. మా చెల్లెలి విషయంలో ఏ మాట సరైనదో నాకు ఇప్పటికీ తెలియదు.