మారువడ్డనమ్మ తేనెపెట్టెలు

హాస్టల్ భోజనశాలలో పనిచేసినన్నాళ్లూ ఆమె ఏ కంచమూ ఖాళీ అయ్యేదాకా ఆగలేదు. అడగకముందే రెండో గరిటె పడేది. అందుకే పిల్లలు ఆమెకు మారువడ్డనమ్మ అని పేరు పెట్టారు. జీవితమంతా చేసిన చాకిరీకి పింఛను ఇవ్వనక్కర్లేదని యాజమాన్యం తీర్మానించి, ఆ తీర్మానానికి స్వయం ఉపాధి అని నామకరణం చేసి, నాలుగు తేనెపెట్టెలూ ఒక పూట శిక్షణా ఇచ్చి ఆమెను సాగనంపింది. షరతు ఒక్కటే: తోటలు పూతకు వచ్చేనాటికి కనీసం ఒక పెట్టె తేనెటీగలతో నిండుగా ఉండాలి. లేనిపక్షంలో నాలుగూ వెనక్కి. ఈగలు ఏ కారణంగా చచ్చినా బాధ్యత ఆమెదే. ఇవ్వని పింఛనుకు బాధ్యులెవరో ఆ షరతులో లేదు.

వానల్లో పూలు లేక రెండు పెట్టెలు ఖాళీ అయ్యాయి. మిగిలిన రెండింటినీ ఆమె తనకు తెలిసిన ఏకైక పద్ధతిలో కాపాడబూనింది. చక్కెర పాకం పోసింది. పుప్పొడికి బదులుగా సోయాపిండిలో పంచదార కలిపి ముద్దలు పెట్టింది. మొదటిది సగం కాకముందే దానిమీద మరొకటి. పాపం ఇరుకని, ఖాళీ పెట్టెలను మైనపు అరలుండే చట్రాలతో సహా పైన రెండో అంతస్తుగా ఎక్కించింది.

కింది గదిలో బట్టలు కుట్టే ఆడపడుచు డాబా మీదికొచ్చి చూసింది.

“గుప్పెడు ఈగలకి మేడ కట్టించావా వదినా? మనం నలుగురం ఒక్క గదిలో పడి ఉన్నాం, గుర్తుందా?”

“నువ్వూరుకో. కడుపునిండా తిని కాళ్లు చాపుకుంటే అవే పుంజుకుంటాయి.”

అవి పుంజుకోలేదు. పెట్టె కింద విరిగిన బల్లకాలు బిగించడానికి వచ్చిన వడ్రంగి, తానూ ఈగలు పెంచేవాడు కనుక, మూత ఎత్తి చూశాడు. పై అంతస్తులో ఒక్క ఈగ లేదు. మైనాన్ని తొలిచే తెల్లపురుగులు బూజు అల్లుకుని నిశ్చింతగా కాపురం చేస్తున్నాయి. పులిసిన ముద్దకు చీమలు బారులు తీరాయి.

“ఈ విందు ఎవరికక్కా?”

“ఈగలకే తమ్ముడూ.”

“అవి తినగలిగినంత పెట్టాలి, కాపలా కాయగలిగినంత ఇల్లు ఇవ్వాలి. ఎవరూ లేని గదిలో ఈ పురుగుల తల్లి చిమ్మట గుడ్లు పెట్టక ఏం చేస్తుంది?”

“అయితే పెట్టి పెట్టి నేనే చంపానన్నమాట.”

“ఇంకా చావలేదులే. రెండూ కలిపితే ఒకటి నిలబడుతుంది. కాకపోతే రాణి ఒక్కతే ఉండాలి.”

ఎవరికీ లేదనని మనిషి, రెండు రాణుల్లో తక్కువ గుడ్లు పెడుతున్నదాన్ని వెతికి పట్టుకుంది. “నీకేం తక్కువ చేశానే?” అని అడిగి నలిపేసింది. తర్వాత చాలాసేపు చేతులు కడుక్కుంది.

రెండు గుంపుల వాసనలు వేరు. నేరుగా కలిపితే చంపుకుంటాయి. వడ్రంగి చెప్పినట్టు పురుగు పట్టిన చట్రాలు తీసేసి, ఒక పెట్టెపై దినపత్రిక పేజీ పరచి, దానిమీద రెండో పెట్టె ఉంచింది. అటూ ఇటూ కాగితం కొరికేలోగా వాసనలు కలుస్తాయి. ఆ పేజీలో యాజమాన్యం తన స్వయం ఉపాధి పథకం గురించి వేయించుకున్న ప్రకటన ఉంది. చేతికందింది కనుక పరచింది. వేరే ఉద్దేశం లేదు.

“నన్ను అత్తారింటికి పంపినప్పుడు మధ్యలో ఇలాంటి కాగితమొకటి పరచాల్సింది,” అంది ఆడపడుచు.

“నువ్వు ఒక్కపూటలో కొరికేసేదానివి.”

కొన్నాళ్లకు గుమ్మం ముందు కాగితపు తునకలు రాలాయి. ఒకదానిమీద ఎవరో పెద్దమనిషి పలువరుస ఉంది. ఈగలన్నిటినీ ఒకే అంతస్తులోకి సర్ది, ఆమె ఉసిరికాయంత ముద్ద పెట్టింది. అది అయిపోతే తప్ప మరొకటి పెట్టలేదు. ఇంకొంచెం పెట్టమని చెయ్యి లాగితే, దాన్ని వెనక్కి కట్టుకునేది.

పూత వచ్చింది. యాజమాన్యం పంపిన మనిషి మూత ఎత్తి, అన్ని చట్రాలనూ కమ్ముకున్న ఈగలను చూసి, పథకం విజయవంతమైందని ప్రకటించాడు. ఎవరు విజయం సాధించారో అడిగే తీరిక అతనికి లేకపోయింది. పెట్టెలు మాత్రం ఆమెవే అయ్యాయి.

ఆ పూట భోజనాల దగ్గర ఆడపడుచు కంచం ముందుకు జరిపింది. “మారు వడ్డించవా వదినా?”

మారువడ్డనమ్మ గరిటె పట్టుకుని కంచంలోకి తొంగి చూసింది.

“ముందు అందులో ఉన్నది తిను.”