పేరడిగితే ఎత్తు చెప్పే పెద్దాయన

పటాలు తయారుచేసే కార్యాలయంలో గీతలు గీసే పెద్దాయనకు ఒకే ఒక్క జబ్బు: పేరడిగితే కొలత చెబుతాడు.

"మీ మనవరాలి పేరేంటండీ?" అంటే, "మూడడుగుల రెండంగుళాలు" అంటాడు. కొలిచినవాడికి సందేహం ఉండదు, పిలిచినవాడికే ఉంటుందని ఆయన సిద్ధాంతం.

ఈ సిద్ధాంతానికి బలైన సెక్షన్ ఆఫీసర్లు ఇప్పటికి నలుగురు. ఐదో బలి మేడమ్. ఉత్తరపు హద్దులోని మహాశిఖరానికి పేరు లేక దాని పటం పదకొండేళ్లుగా అచ్చుకు పోలేదు. కొలిచి వచ్చినవాడే పేరు చెప్పాలని నిబంధన. కొలిచి వచ్చింది పెద్దాయన. సాయంత్రంలోగా ఆయన నోరు విప్పకపోతే డైరెక్టరుగారు తన మామగారి పేరు పెట్టేస్తారు. మేడమ్‌ను నేలమాళిగలోని రికార్డు గదికి పంపేస్తారు. అక్కడికి దిగినవాళ్లు పదవీవిరమణ నాడే మళ్లీ ఎండ చూశారు.

"బాబాయిగారూ, మీ కాళ్లు పట్టుకుంటాను. ఆ కొండ పేరు?"

"ఏడువేల రెండువందల పదకొండు మీటర్లమ్మా. తూర్పు వాలు నిట్టనిలువు. పడమట మంచునది."

"పేరండీ!"

"మంచునది పొడవు పద్నాలుగు కిలోమీటర్లు."

మేడమ్ తల బల్లకేసి కొట్టుకుంది. ఆయన బల్ల వెడల్పు కూడా చెప్పాడు.

అంతలో ఒక ముసలావిడ మడతలు నలిగిన పటంతో గుమ్మంలోకి వచ్చింది. "మా ఆయన ఈ కొండ కొలిచేవాళ్లకి మూటలు మోస్తూ పోయి తిరిగి రాలేదమ్మా. కొండకి ఆయన పేరే పెట్టామని ఈ అయ్యగారు చేత్తో గీసిచ్చారు. అచ్చుపటం కూడా ఒకటిస్తారా?"

శిఖరం పక్కన ముత్యాల్లాంటి అక్షరాల్లో ఒక కూలివాడి పేరు! మేడమ్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. పెద్దాయనను పక్కకు లాగింది. "ఇదే రాసేద్దాం, ఇంకేం?"

"ఆ రోజు మంచులో పోయింది ముగ్గురమ్మా. మూడిళ్లకీ ఇలాగే గీసిచ్చాను. అప్పట్నుంచీ ఏ పేరూ నోటికి రాదు."

"మూడూ కలిపి పెడితే?"

"ఎవరికి వాళ్లకి కొండంతా ఇచ్చేశాను. ఇప్పుడు వాటాలెయ్యమంటావా?"

మేడమ్ తనే డైరెక్టరుగారికి ఫోన్ చేసింది.

"సార్, ఈ కొండకి ముగ్గురు హక్కుదారులు తేలారు. ఎవరికి వారు కొండంతా తమదేనంటున్నారు. పేచీ తెగేదాకా ఏ పేరూ అచ్చెయ్యకూడదు కదండీ, పేరు చోటు ఖాళీగా వదిలి పటం అచ్చుకు పంపుతున్నాను."

"అయితే ఆ పేచీతో పాటు మీరూ రికార్డు గదిలోకి దిగండి! అసలెన్నాళ్లు పడుతుందది?"

మేడమ్ ముసలావిడను ఎగాదిగా చూసింది.

"మనిషి గట్టిగానే ఉన్నారండి. ఇంకో ఇరవయ్యేళ్లు పట్టేలా ఉంది."