మెమరీ ముక్క తీసేశాక

పటాన్‌చెరులో పెళ్లి పత్రికలు కొట్టే మా షాపులో రెండు పాత కంప్యూటర్లు ఉండేవి. కొత్త ప్రింటర్ కోసం ఒకదాంట్లో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేయాల్సి వచ్చింది. సీడీ పెట్టగానే మెమరీ చాలదంటూ ఆగిపోయింది. రెండో కంప్యూటర్‌లోని మెమరీ ముక్కను తెచ్చి దీనికి పెడితే సాగింది.

మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి పోయే మా అత్త షిఫ్ట్ దిగి వచ్చి ఇదంతా చూస్తోంది. పనయ్యాక కంప్యూటర్ ఆపి, ఆ ముక్కను మళ్లీ రెండోదాంట్లో పెడదామని తీయబోతుంటే నా చేయి పట్టుకుని ఆపింది.

"మెమరీ అంటే యాదే గదా బిడ్డా. అది తీస్తే ఇప్పటిదాంక నేర్చిందంతా మర్శిపోదా?"

పోదనే అనుకున్నాను.

"తీసి సూద్దాం అత్తమ్మా" అన్నాను.

తీసి స్విచ్ వేశాను. తెర చాలాసేపు నల్లగానే ఉంది. లోపల హార్డ్ డిస్కు మాత్రం గరగరమంటూ తిరుగుతోంది. చివరికి కొత్త సిస్టమ్ మెల్లగా తెరుచుకుంది.

"ఏం మర్శిపోలే. అసలు యాది ఆ గరగరమనేదాంట్ల ఉన్నట్టుంది. జెర ఇప్పు, సూస్త" అంది అత్త.

డిస్కును విప్పితే పాడవుతుందని చెప్పి, అది ఎక్కడుందో చూపించాను. అత్త దానిమీద అరచేయి ఆనించి, లోపలి అదురును చాలాసేపు గమనించింది.